బోఁజూర్ తర్వాతే ఏదైనా: తులూజ్‌లో ఒక తెలుగు ఇంజినీరు పలకరింపుల కేస్ స్టడీ

స్రవంతి (పేరు మార్చాను) నా దగ్గరికి ఫ్రెంచి నేర్చుకోవడానికి రాలేదు. ఫ్రెంచి ఆమెకు ముందే వచ్చు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూనే ఫ్రెంచి ప్రావీణ్యాన్ని కొలిచే డెల్ఫ్ పరీక్ష బీ1 స్థాయిలో మంచి మార్కులతో పాసైంది. కాకినాడ అమ్మాయి, ముప్పై దాటాయి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని. కంపెనీ ఆమెను ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న తులూజ్ పంపింది. ఎయిర్‌బస్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి దాని చుట్టూ విమానాల పని చేసే చిన్నాపెద్దా కంపెనీలు చాలా ఉన్నాయి. వాటిలో మనవాళ్ళూ ఉన్నారు.

ఆమె ఫిర్యాదు ఇదీ: "ఇక్కడివాళ్ళు నన్ను చూస్తేనే మొహం మాడ్చుకుంటారు మేడమ్. నేను చెప్పింది అర్థమవుతుంది, అడిగింది ఇస్తారు. కానీ నేనేదో తప్పు చేసినట్టు చూస్తారు." దీనికి ఆమె రెండు కారణాలు అనుకుంది. ఒకటి తన యాస, రెండోది తన రంగు. రెండోదాన్ని ఎవరూ మార్చలేరు కాబట్టి మొదటిదాన్ని సరిచేయించుకుందామని వచ్చింది.

ఉద్యోగాలకు ఫ్రాన్స్ వెళ్ళే తెలుగువాళ్ళకు ఫ్రెంచి నేర్పడం నా వృత్తి. ఈ ఫిర్యాదు నాకు కొత్త కాదు. అందుకే యాస జోలికి వెళ్ళకముందు ఒక పని అప్పజెప్పాను. వారం రోజులు ఎవరితో మాట్లాడినా ఒక పుస్తకంలో నాలుగు సంగతులు రాయమన్నాను. ఎక్కడ మాట్లాడారు, మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటి, వాళ్ళ నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటి, ఎలా ముగిసింది. మొహాలు ఎలా ఉన్నాయో రాయవద్దన్నాను. మొహాల సంగతి మనం అనుకున్నట్టే కనిపిస్తుంది, మాటలు అలా కాదు.

పుస్తకంలో ఏం కనిపించింది

బేకరీలో ఆమె మొదటి మాట "జ వూద్రే...", అంటే "నాకు ఫలానాది కావాలి". నిజానికి అది మర్యాదైన క్రియారూపమే, పుస్తకాలన్నీ అదే నేర్పుతాయి. బస్సు డ్రైవరుతో మొదటి మాట "ఎక్స్‌క్యూజే మ్వా, ఈ బస్సు ఫలానా చోటికి వెళ్తుందా?" మందుల షాపులో "సిల్ వూ ప్లే" అంటూ చీటీ ముందుకు చాపింది. క్షమించండి, దయచేసి, ఇవ్వగలరా అన్నీ ఉన్నాయి. ఒక్క బోఁజూర్, అంటే ఫ్రెంచి నమస్కారం, లేదు.

వాళ్ళ మొదటి మాట గడి చూస్తే చాలాచోట్ల ఒకే మాట: "బోఁజూర్." స్రవంతి దీన్ని పలకరింపు అనుకుంది. పలకరించారు కదా అని తన అవసరాన్ని ఇంకాస్త గట్టిగా మళ్ళీ చెప్పింది. ఫ్రాన్స్‌లో ఉన్నవాళ్ళకు ఈ బోఁజూర్ సంగతి తెలుసు. మనం అడగాల్సింది అడిగేశాక, ఎదుటివాళ్ళు కాస్త ఆగి, ఒత్తి పలికే ఆ మాట పలకరింపు కాదు. "ముందు ఇది అనాలి కదా" అని దిద్దడం. దిద్దినా దిద్దుకోకుండా అడిగిందే మళ్ళీ అడిగితే ఎదుటివాళ్ళకు అది పొగరుగా వినిపిస్తుంది. మాడిన మొహాల్లో చాలావాటికి కారణం అక్కడ దొరికింది.

ఆఫీసు పేజీలు ఇంకో రకంగా ఉన్నాయి. పొద్దున్న వచ్చి, ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని చప్పుడు లేకుండా తన కుర్చీలో కూర్చుంటోంది. తోటి టెస్టర్లకు పలకరింపు లేదు. మేనేజరు ఎదురైన ప్రతిసారీ మాత్రం, కాఫీ మిషన్ దగ్గరైనా, లిఫ్ట్ దగ్గరైనా, మీటింగ్ ముందైనా, "బోఁజూర్ మెస్యో" (మెస్యో అంటే అయ్యా, సర్) అంటోంది. మూడోసారికి ఆయన నవ్వి "మనం ఇందాకే కలిశాం కదా" అన్నాడట. ఆమె దాన్ని ఎగతాళిగా తీసుకుంది.

సాయంత్రం ఆరింటికి ఇంటికి వెళ్తూ అందరికీ "బొన్ న్యుయీ" చెప్పినట్టు కూడా రాసుకుంది. మన గుడ్ నైట్ అనుకుని. ఫ్రెంచిలో అది పడుకోబోయే మనిషికి చెప్పేది. ఆఫీసులో ఎవరైనా నవ్వి ఉంటే తప్పు పట్టలేం.

మన మర్యాద ఎక్కడుంటుంది, వాళ్ళది ఎక్కడుంటుంది

స్రవంతి మర్యాద తెలియని మనిషి కాదు. ఇంకా ఎక్కువే తెలుసు. ఆమె మర్యాద తెలుగు వాక్యంలో ఉండే చోట ఉంది, అంతే. మనం కిరాణా కొట్టుకు వెళ్ళి "ఏవండీ, ఒక పాల ప్యాకెట్ ఇవ్వండి" అంటాం. "అన్నా, ఈ బస్సు కోఠీ పోతదా?" అంటాం. గౌరవమంతా పిలుపులోనూ, క్రియ చివర వచ్చే "అండి"లోనూ ఉంది. వేరే పలకరింపు అక్కర్లేదు. "నమస్కారమండీ" అంటూ కొట్లోకి వెళితే చందాకు వచ్చారేమో అనుకుంటారు.

ఫ్రెంచివాళ్ళకు కొట్టు అంటే ఒకరి చోటు. అందులో అడుగుపెట్టినవాళ్ళు, అక్కడున్న మనిషిని మనిషిగా చూశామని ముందు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే కొనుగోలు. ఆ మొదటి మాట లేకపోతే తర్వాత ఎన్ని "దయచేసి"లు పెట్టినా లెక్కలోకి రావు. ఇది నేను కల్పించిన సిద్ధాంతం కాదు. నీస్ నగరంలో లా పెతీత్ సిరా అనే కెఫే 2013లో సరదాగా ఒక ధరల పట్టిక పెట్టింది. "ఒక కాఫీ" అంటే 7 యూరోలు, "ఒక కాఫీ, దయచేసి" అంటే 4.25 యూరోలు, "బోఁజూర్, ఒక కాఫీ, దయచేసి" అంటే 1.40 యూరోలు. ఆ పట్టిక ఫొటో ఊరూరా తిరిగింది. ప్రతి క్లాసులో దీన్ని చూపిస్తాను, ఎందుకంటే దయచేసి కంటే బోఁజూర్ విలువ ఎంతో అందులో యూరోల్లో కనిపిస్తుంది.

యూరప్ భాషా ప్రమాణాల ప్రకారం ఈ పలకరింపు, వీడ్కోలు, పరిచయం, క్షమాపణ అన్నీ ఏ1 స్థాయిలోనే రావాలి. అంటే అన్నింటికంటే కింది మెట్టు. స్రవంతి దాన్ని దాటి రెండు మెట్లు పైకి వెళ్ళింది. పరీక్షలో ఆమె బోఁజూర్ చెప్పే ఉంటుంది, పరీక్ష పెట్టేవాళ్ళకు ఎవరైనా చెబుతారు. బేకరీ కూడా అలాంటి చోటేనని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాకినాడకు ముప్పై కిలోమీటర్ల దూరంలో యానాం ఉంది, 1954 దాకా అక్కడ ఫ్రెంచి పాలన నడిచింది. అయినా ఈ ముక్క అక్కడి నుంచి మన దాకా రాలేదు.

మొదటి విడత: గుమ్మం దగ్గర

సాధన బేకరీతో మొదలుపెట్టాం. రోజూ వెళ్ళే చోటు, రెండు నిమిషాల్లో ముగిసే సంభాషణ, తప్పు పోయినా నష్టం లేదు. వరస ఇలా పెట్టుకున్నాం.

"బోఁజూర్ మదామ్."

ఇక్కడ ఆగాలి. జవాబు వచ్చేదాకా ఆగాలి. మనవాళ్ళు ఎక్కువగా తప్పేది ఈ ఆగడం దగ్గరే. బోఁజూర్‌ను నేర్చుకుంటారు కానీ దాన్ని అడగబోయే వాక్యానికి అతికించేస్తారు, "బోఁజూర్-జ-వూద్రే-యున్-బగెత్" అని ఒకే గుక్కలో. అప్పుడది పలకరింపు కాదు, వాక్యానికి తగిలించిన తోక.

"బోఁజూర్." అవతలి మనిషి అన్నాక:

"యున్ షొకొలతీన్, సిల్ వూ ప్లే."

డబ్బులు ఇచ్చాక: "మెర్సి, బొన్ జూర్నే", అంటే "ధన్యవాదాలు, మీ రోజు బాగా గడవాలి". వాళ్ళు ముందే "బొన్ జూర్నే" అంటే "వూ జోసీ", అంటే "మీకూ".

షొకొలతీన్ అంటే లోపల చాక్లెట్ పెట్టిన, పొరలు పొరలుగా ఉండే రొట్టె. పారిస్‌లో దాన్ని "పేఁ ఓ షొకొలా" అంటారు. తులూజ్‌లో ఆ పేరుతో అడిగితే ఇస్తారు, కానీ ఊరికి కొత్తవాళ్ళని తెలిసిపోతుంది. ఈ రొట్టె పేరు మీద దక్షిణ పశ్చిమ ఫ్రాన్స్‌కూ మిగతా దేశానికీ సరదాగా మొదలై సీరియస్‌గా మారే గొడవ ఒకటి నడుస్తూనే ఉంటుంది.

మదామ్, మెస్యో తర్వాత ఇంటిపేరు అక్కర్లేదు. తెలియని మనిషికి వట్టి "బోఁజూర్ మదామ్" చాలు, అదే అందం. అవతల ఉన్నది ఇరవై ఏళ్ళ అమ్మాయి అయినా మదామే. పెళ్ళికాని అమ్మాయిలను పిలిచే మద్‌మ్వాజెల్ అనే మాటను 2012 ఫిబ్రవరిలో ప్రభుత్వమే తన ఫారాల్లోంచి తీసేసింది. నోటిమాటగా కొందరు వాడతారు, బయటి దేశం నుంచి వచ్చినవాళ్ళకు ఆ మాట అవసరం లేదు.

సాయంత్రం బోఁజూర్ ఎప్పుడు బోఁస్వార్ అవుతుందన్న ప్రశ్న ప్రతి విద్యార్థీ అడుగుతారు. ఆరు గంటల ప్రాంతంలో. చలికాలంలో చీకటి పడగానే కొందరు ఐదింటికే మొదలుపెడతారు. అనుమానమొస్తే ఎదుటివాళ్ళు ఏది అంటే అదే తిరిగి అనమంటాను. దీని మీద ఎవరూ కోపం తెచ్చుకోరు. పొద్దున్న అని ప్రత్యేకంగా చెప్పే "బోఁ మతేఁ" మాత్రం ఫ్రాన్స్‌లో వద్దు, అది కెనడాలోని క్యుబెక్ అలవాటు. మధ్యాహ్నం, సాయంత్రం, రోజు అన్న మాటలకు ముందు "బొన్" చేరిస్తే, బొన్ జూర్నే, బొన్ స్వారే, అవి విడిపోయేటప్పుడు చెప్పేవి. కలిసినప్పుడు చెబితే రాగానే పంపించేసినట్టు ఉంటుంది.

ఎక్కడ పలకరించాలి, ఎక్కడ అక్కర్లేదు అన్నది కూడా కూర్చుని విడదీశాం. డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములోకి వెళితే అక్కడ కూర్చున్న ముక్కూమొహం తెలియని వాళ్ళందరికీ కలిపి ఒక బోఁజూర్. లిఫ్ట్‌లోకి ఎక్కితే బోఁజూర్, దిగితే బొన్ జూర్నే. ముందు తలుపు నుంచి బస్సెక్కితే డ్రైవరుకు. అపార్టుమెంటు మెట్ల మీద ఎదురైనవాళ్ళకు. మెట్రోలో పక్క సీటువాళ్ళకు వద్దు, రద్దీ వీధిలో నడిచేవాళ్ళకు వద్దు. సూపర్‌మార్కెట్ నడవల్లో ఎవరికీ అక్కర్లేదు, బిల్లు కౌంటర్ దగ్గరికి రాగానే కావాలి.

అరసున్న ఉపయోగం

యాస గురించి వచ్చింది కాబట్టి యాసను పూర్తిగా వదిలెయ్యలేదు, కానీ ఒక్క ధ్వని మీదే పనిచేశాం. స్రవంతి "బోన్‌జూర్" అనేది, నకారం స్పష్టంగా వినిపించేలా. తెలుగులో సున్న తర్వాత జ వస్తే నాలుక అంగిలికి తగలకుండా ఉండదు, అది మన నోటి అలవాటు. ఫ్రెంచిలో అక్కడ నకారమే లేదు. అచ్చు ఒక్కటే ముక్కులోంచి వస్తుంది, నాలుక ఎక్కడా తగలదు.

ఇలాంటి ధ్వనికి తెలుగు లిపిలో ఒక గుర్తు ఉండనే ఉంది, అరసున్న. పాత పద్యాల్లో "వాఁడు", "వీఁడు" అని కనబడే ఆ అర్ధచంద్రం. ఇప్పటి రాతలో పోయింది, స్రవంతి వయసువాళ్ళకు బడిలో దాని గురించి చెప్పినా చెప్పినట్టు గుర్తుండదు. నేను మాత్రం ఫ్రెంచి ముక్కు అచ్చులన్నింటినీ దాంతోనే రాయిస్తాను: బోఁజూర్, బోఁస్వార్, ఆఁషాఁతే. రాత మారగానే నోరు మారిందని అనను, కానీ ఎక్కడ నాలుక తగలకూడదో కంటికి కనబడుతుంది. ఇక జూ మామూలు జకారం కాదు, ఇంగ్లీషు "ప్లెజర్"లో మధ్యన వినిపించే ఒరిపిడి ధ్వని. రెండు రోజుల్లో పట్టుకుంది.

ర మాత్రం వదిలేయమన్నాను. గొంతులోంచి రాకపోతే పోనివ్వండి. ఆ ప్రాంతపు పల్లెల్లో పాత తరంవాళ్ళు నాలుక కొసతో పలికే ర వాడినవాళ్ళే. ర సరిగ్గా పలకలేదని ఎవరూ మొహం మాడ్చుకోరు. యూట్యూబ్ చూసి నెలల తరబడి గొంతు గరగరలాడించే వాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. ఆ కష్టంలో పదో వంతు కౌంటర్ ముందు ఆగడం మీద పెడితే ఎక్కువ లాభం.

ధ్వని కంటే పెద్ద ఇబ్బంది గొంతు స్థాయి. స్రవంతి బోఁజూర్ పెదాల దగ్గరే ఆగిపోయేది. వినబడని పలకరింపు, చేయని పలకరింపు ఒకటే. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే, క్యూలో ఉన్నా సరే, లోపలివాళ్ళకు వినబడేలా చెప్పడం సాధన చేశాం. "అరిచినట్టు ఉంటుంది మేడమ్" అంది. మనకు అలాగే ఉంటుంది, వాళ్ళకు ఉండదు.

ఆఫీసు: రోజుకు ఒక్కసారి, అందరికీ

ఆఫీసు లెక్క రెండు వాక్యాల్లో చెప్పాను. రోజు మొదట కలిసినప్పుడు ఒక మనిషికి ఒక బోఁజూర్. అదే రోజు మళ్ళీ ఎదురైతే చిరునవ్వు, లేదా "రబోఁజూర్", అంటే "మళ్ళీ బోఁజూర్", తోటివాళ్ళతో అయితే వట్టి "ర".

ఒకే మనిషికి రెండోసారి బోఁజూర్ అంటే ఎదుటివాళ్ళకు "పొద్దున్న నిన్ను చూసిన సంగతే గుర్తులేదు" అన్నట్టు వినిపిస్తుంది. మేనేజరు "ఇందాకే కలిశాం కదా" అన్నది అందుకే, ఎగతాళికి కాదు. మనకు పై అధికారి ఎన్నిసార్లు కనబడితే అన్నిసార్లు విష్ చేయడం వినయం. అక్కడ వినయం కొలత వేరు: పలకరింపు పై నుంచి కింది దాకా అందరికీ సమానంగా పంచాలి. పొద్దున్న వచ్చినవాళ్ళు బల్లల మధ్య నుంచి నడుస్తూ ప్రతి ఒక్కరికీ బోఁజూర్ చెప్పుకుంటూ వెళ్ళడం చాలా ఆఫీసుల్లో మామూలు. కొన్నిచోట్ల ఒక్కొక్కరికీ చేయి కూడా కలుపుతారు. మొదట చూసినప్పుడు ఇంత టైమ్ వేస్టు ఏమిటా అనిపిస్తుంది. హెడ్‌ఫోన్లతో వచ్చి కూర్చునే మనిషి వాళ్ళ కంటికి అలిగిన మనిషి.

"సా వా?", అంటే "బాగున్నావా?", సంగతి తొందరగా తేలిపోయింది. అది ప్రశ్న రూపంలో ఉన్న పలకరింపు. జవాబు "సా వా, ఎ త్వా?", అంటే "బాగున్నాను, మరి నువ్వు?". స్రవంతి మొదట్లో నిజంగానే తన జలుబు గురించి చెప్పిందట.

త్యూ, వూ: అసలు చిక్కు ఇక్కడ

ఇది ఈ కేసులో నాకు అన్నింటికంటే కష్టమైన భాగం, స్రవంతికి కూడా. ఫ్రెంచిలో త్యూ అంటే నువ్వు, వూ అంటే మీరు. నువ్వు, మీరు ఉన్న భాష నుంచి వచ్చినవాళ్ళకు త్యూ, వూ సులువుగా వస్తాయని అందరూ అనుకుంటారు. ఇంగ్లీషువాళ్ళతో పోలిస్తే నిజమే. కానీ మన కొలబద్ద వయసు, హోదా, బంధుత్వం. పెద్దవాళ్ళకు మీరు, చిన్నవాళ్ళకు నువ్వు, ఒకరు మీరు అంటుంటే ఇంకొకరు నువ్వు అనడం మనకు సహజం. పిల్లలు కాని ఇద్దరి మధ్య ఫ్రెంచి కొలబద్ద దగ్గరితనం, అదీ రెండువైపులా. అయితే ఇద్దరూ త్యూ, లేదా ఇద్దరూ వూ.

స్రవంతి పుస్తకంలో ఇది రెండు చోట్ల కనిపించింది. ఆమె టీమ్ లీడర్ రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్న ఆయన. టీమ్‌లో అందరూ ఆయన్ని పేరు పెట్టి త్యూ అంటారు. ఆమెను కూడా తనను త్యూ అనమని ఆయనే చెప్పాడు. ఆమె "సరే" అంది కానీ వూ మానలేదు. ఇంకోవైపు క్యాంటీన్‌లో వడ్డించే కుర్రాడితో మాత్రం మొదటి రోజు నుంచే త్యూ. అతనెవరో ఆమెకు తెలియదు, పేరు కూడా తెలియదు.

"ఆయనకి మా నాన్న వయసు మేడమ్. నువ్వు అని ఎలా అంటాను?" అంది. క్యాంటీన్ అబ్బాయి గురించి అడిగితే కాసేపు మాట్లాడలేదు. "చిన్న పిల్లాడు కదా" అంది తర్వాత. వయసు ఒక్కటే కాదని ఇద్దరికీ తెలుసు. ఇంట్లో పనిచేసేవాళ్ళను, ఆటో అతన్ని, హోటల్లో టేబుల్ తుడిచే మనిషిని వాళ్ళు మనకంటే పెద్దవాళ్ళైనా ఏకవచనంలో పిలిచే అలవాటు మన ఊళ్ళల్లో చాలామందికి ఉంది. అది ఫ్రెంచిలోకి దిగినప్పుడు అన్నింటికంటే చెడ్డగా వినబడుతుంది. కౌంటర్ వెనక ఉన్న తెలియని మనిషిని త్యూ అనడం అక్కడ చిన్నచూపు కిందే లెక్క. టీమ్ లీడర్‌కు వూ అనడం వల్ల పోయేది కొంచెం చనువు, క్యాంటీన్‌లో త్యూ వల్ల పోయేది ఆ కుర్రాడి మర్యాద. అందుకని ముందు క్యాంటీన్ సరిచేయమన్నాను.

ఫ్రెంచివాళ్ళకే ఈ విషయంలో ఏకాభిప్రాయం ఉందనుకోకూడదు. 1793లో విప్లవం వేడిలో అందరూ అందరినీ త్యూ అనాలని, వూ అనేది ప్రభువుల కాలపు అవశేషమని పోరు పెట్టారు, అది నిలవలేదు. అధ్యక్షుడిగా పనిచేసిన జాక్ షిరాక్, ఆయన భార్య బెర్నదెత్ ఒకరినొకరు వూ అనే పిలుచుకునేవారు. 2018 జూన్ 18న ఒక స్మారక కార్యక్రమంలో ఒక కుర్రాడు అధ్యక్షుడు మాక్రోఁను "సా వా, మాన్యూ?" అని ముద్దుపేరుతో పలకరించాడు. నన్ను మెస్యో అని గానీ అధ్యక్షుడుగారూ అని గానీ పిలవాలని ఆయన అక్కడికక్కడే దిద్దాడు. ఆ దిద్దడం త్యూతోనే దిద్దాడు. పెద్దలు బడిపిల్లలను త్యూ అనడం, పిల్లలు తిరిగి వూ అనడం, అలాంటి ఏకపక్షం వాళ్ళలోనూ మిగిలి ఉందన్నమాట. అయితే అది పిల్లల దగ్గర ఆగుతుంది. ఇరవై ఏళ్ళ ఉద్యోగికి వర్తించదు.

స్రవంతికి ఇచ్చిన పద్ధతి ఇలా ఉంది. పిల్లలు తప్ప, తెలియనివాళ్ళెవరికైనా వూ. ఎదుటివాళ్ళు "ఓఁ స త్యుత్వా?", అంటే ఇకనుంచి త్యూ అనుకుందామా, అంటే సరే అని అప్పటికప్పుడే ఒక వాక్యం త్యూతో చెప్పేయాలి. ఆ ప్రతిపాదన తెచ్చేది వయసులోనో హోదాలోనో పెద్దవాళ్ళు. మనం ఆగడమే మేలు. ఒకసారి త్యూ అయ్యాక వూకి వెనక్కి వెళితే దెబ్బలాడినట్టు ఉంటుంది.

నోరు రాని చోట చేత్తో మొదలుపెట్టాం. టీమ్ లీడర్‌కు ఆఫీసు చాట్‌లో త్యూతో రాయమన్నాను: ఈ బగ్ చూశావా, ఫైలు పంపావా, అలాంటి చిన్న వాక్యాలు. ఎదురుగా తెల్లజుట్టు కనబడదు కాబట్టి రాయడం సులువు. కొన్నాళ్ళు రాశాక నోటికీ వచ్చింది. మొదటిసారి అన్నప్పుడు ఆయన ఏమీ అనలేదని ఆమె ఆశ్చర్యపోయింది. ఏమంటాడు, ఆయన ఎదురుచూసిందే అది.

చనువుగా "హాయ్" అన్నట్టు వాడే సల్యు, కూకూల గురించి ఎక్కువ చెప్పలేదు. సల్యు త్యూ అనుకునేవాళ్ళ మధ్య, కలిసినా విడిపోయినా. కూకూ ఇంకా దగ్గరివాళ్ళకు. త్యూ కుదిరాక అవి వాటంతటవే వస్తాయి.

చెంపలు, చేతులు

స్రవంతికి నిజంగా టెన్షన్ పెట్టింది బీజ్, చెంపకు చెంప తాకించే పలకరింపు. ముద్దు అంటారు గానీ పెదాలు తగలవు, గాల్లో చిన్న చప్పుడు మాత్రం చేస్తారు. తులూజ్‌లో రెండు. మొంపెలియే వైపు మూడు, బ్రెస్ట్‌లో ఒకటి, ఏ చెంపతో మొదలుపెట్టాలో కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది, ఫ్రెంచివాళ్ళే తడబడి ముక్కులు గుద్దుకుంటారు.

ఆమెకు ఇష్టం లేదు, నేర్చుకోనక్కర్లేదు అన్నాను. కొందరు ట్రైనర్లు దీన్ని కూడా సంస్కృతిలో భాగమని రుద్దుతారు, నాకు నచ్చదు. 2020 ఫిబ్రవరి చివర్లో కరోనా వస్తున్నప్పుడు ఆరోగ్యమంత్రే చేతులు కలపడం, బీజ్ మానమని చెప్పాడు. మార్చిలో మాక్రోఁ స్పెయిన్ రాజదంపతులకు నమస్తే పెట్టి స్వాగతం చెప్పాడు. అప్పటినుంచి వద్దనుకునేవాళ్ళకు దారి సుగమమైంది. ఇబ్బంది అంతా సమయంలో ఉంది. ఎదుటి మనిషి మొహం ముందుకు వచ్చాక వెనక్కి జరిగితే అవమానం. రెండడుగుల దూరంలో ఉండగానే చేయి చాపి, కళ్ళలోకి చూస్తూ బోఁజూర్ అంటే ఎవరూ ఏమీ అనుకోరు. మొదటి పరిచయమైతే "ఆఁషాఁతే", అంటే "కలిసినందుకు సంతోషం", చేర్చాలి. నమస్కారం కూడా పెట్టొచ్చు, కాకపోతే తెలియనివాళ్ళకు పెడితే భారతదేశం మీద ఐదు నిమిషాల సంభాషణ మొదలవుతుంది.

ఈమెయిళ్ళు

ఇది త్వరగా తేలింది. స్రవంతి మన "రెస్పెక్టెడ్ సర్"ను ఫ్రెంచిలోకి దించి "రెస్పెక్తే మెస్యో" అని రాస్తోంది. అలా ఎవరూ రాయరు. అందుకోబోయేది ఎవరో తెలియకపోతే "మదామ్, మెస్యో", తెలిస్తే "బోఁజూర్ మదామ్", టీమ్‌లో అయితే బోఁజూర్, పేరు. చివర "కోర్దియాల్మాఁ", అంటే "సాదరంగా". "షేర్", అంటే "ప్రియమైన", అన్నది పరిచయం ఉన్నవాళ్ళకే. ప్రిఫెక్చర్ అనే ప్రభుత్వ కార్యాలయానికి రెసిడెన్స్ పర్మిట్ గురించి రాసే లేఖకు మాత్రం పాతకాలపు పొడుగు ముగింపు వాక్యం ఒకటి రాసిచ్చాను, "జ వూ ప్రి దాగ్రేయే" అని మొదలయ్యేది. అందులో మధ్యన, లేఖ పైన ఎలా సంబోధించామో అదే మాట మళ్ళీ రావాలి. పైన "మదామ్, మెస్యో" అని పెట్టి కింద వట్టి "మెస్యో" అంటే చూసేవాళ్ళ కంటికి గుచ్చుకుంటుంది.

ఏం మారింది, ఏం మారలేదు

సాధన తర్వాత మళ్ళీ వారం రోజులు పుస్తకం రాయించాను. బేకరీ, బస్సు, మందుల షాపు పేజీల్లో "వాళ్ళ మొదటి మాట" గడిలో ఇప్పటికీ బోఁజూర్ ఉంది. తేడా ఏమిటంటే అది ఇప్పుడు ఆమె మాటకు జవాబు. బేకరీ ఆవిడ ఆమెను చూడగానే షొకొలతీన్ తీసి సంచిలో పెట్టడం మొదలుపెట్టింది. పక్క బల్ల అమ్మాయి మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. ఇదంతా స్రవంతి రాసుకున్నదే, నేను అక్కడ ఉండి చూసింది కాదు. ఒక్క మనిషి కేసు కాబట్టి ఇంతకుమించి దీన్ని సాగదీయను.

ప్రభుత్వ కౌంటర్‌లో మాత్రం పెద్ద తేడా రాలేదు. బోఁజూర్ చెప్పింది, ఆగింది, అన్నీ సరిగ్గా చేసింది. కాగితం ఒకటి తక్కువైందని వెనక్కి పంపారు. ఒక ఇంటి ఏజెంటు ఆమె పేరు వినగానే ఇల్లు వేరేవాళ్ళకు వెళ్ళిపోయిందన్నాడు, అదే ఇల్లు ఆ తర్వాత కూడా ప్రకటనలో ఉంది. పై అంతస్తులో ఉండే ఒకాయన ఎన్ని బోఁజూర్లకూ పలకడు. రంగు గురించి ఆమె మొదట అన్నమాటను నేను కొట్టిపారేయలేదు, ఇప్పుడూ కొట్టిపారేయను. ముందు అన్నీ కలగాపులగంగా ఉండేవి. ఇప్పుడు తన వైపు నుంచి లోటు లేకుండా చేశాక కూడా మిగిలినవి ఏవో ఆమెకు విడిగా కనిపిస్తున్నాయి. ఏజెంటు సంగతి పలకరింపుతో తేలేది కాదని చెప్పి, ఫిర్యాదు తీసుకునే చోట్ల గురించి తన ఆఫీసు హెచ్‌ఆర్‌ను అడగమన్నాను.

ప్రస్తుతం పారిస్‌లో జరగబోయే ఒక క్లయింట్ మీటింగుకు సిద్ధమవుతున్నాం. అక్కడ క్లయింట్లందరికీ వూ, తమ టీమ్‌వాళ్ళకు త్యూ, రెండూ ఒకే టేబుల్ దగ్గర మారుస్తూ మాట్లాడాలి. అది బాగానే వస్తోంది. ఫోన్ దగ్గరే ఇంకా ఇబ్బంది. మొహం కనబడదు, అవతల ఎవరో తొందరలో ఉన్నట్టు "ఆలో?" అంటారు, టెన్షన్‌లో బోఁజూర్ ఎగిరిపోయి ఆమె నేరుగా విషయంలోకి దూకేస్తోంది. మానిటర్ అంచున "ఆలో, బోఁజూర్ మదామ్, స్రవంతి మాట్లాడుతున్నాను" అని ఫ్రెంచిలో రాసిన చీటీ అంటించమన్నాను. నంబరు నొక్కకముందే ఒకసారి పైకి చదవమన్నాను. వచ్చే క్లాసులో నేనే ఫోన్ చేసి, ఎత్తగానే ముందు ఏమంటుందో చూస్తాను.